వెనిగర్ టైట్రేషన్ కిట్: బ్యూరెట్ భేష్, మూత బాగాలేదు

వెనిగర్‌లో ఆమ్లం ఎంతుందో, దానికి క్షారం చుక్కచుక్కగా కలిపి కొలిచే (టైట్రేషన్) కిట్ ఇది. ఇందులో నాకు బాగా నచ్చింది బ్యూరెట్, అంటే క్షారాన్ని కొలిచి వదిలే గీతల గొట్టం. దాని కింది కుళాయి (స్టాప్‌కాక్) మెత్తగా తిరుగుతుంది, చివర్లో అర చుక్క కూడా వదలొచ్చు. అదే కావాలి: ఫినాఫ్తలీన్ (క్షారంలో గులాబీ రంగుకు మారే సూచిక) వేసిన వెనిగర్ ద్రావణం లేత గులాబీకి తిరిగి, ఫ్లాస్కు ఊపినా అర నిమిషం నిలవాలి. ముదురు గులాబీ వచ్చిందంటే క్షారం ఎక్కువ పడ్డట్టే.

లెక్క సులువే. పదింతలు పలచన చేసిన వెనిగర్ 10 మి.లీ. తీసుకుని, 0.1 మోలార్ గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ (ఇదే ఆ క్షారం) ఎన్ని మి.లీ. పట్టిందో చూసి 0.6తో గుణిస్తే వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం శాతం వచ్చేస్తుంది. సీసా మీద 5 శాతం అని ఉన్న తెల్ల వెనిగర్‌కు 8.3 మి.లీ. పట్టింది, అంటే సరిగ్గానే ఉంది. ముదురు రంగు వెనిగరైతే ఫ్లాస్కులో ఇంకాస్త డిస్టిల్డ్ వాటర్ పోయండి, లేదంటే గులాబీ కనపడదు.

క్షారం సీసా మూత మాత్రం వదులు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి ద్రావణం బలం తగ్గితే, వెనిగర్ ఆమ్లత ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కొన్నవాళ్లు వెంటనే బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలోకి మార్చుకోండి.