ఈవీ స్కూటర్ రిపేరు: కంపెనీ సర్వీస్ సెంటరా, ఆటోనగర్ మెకానిక్కా?

బెజవాడలో బండి మొరాయిస్తే మన కాళ్లు వాటంతటవే ఆటోనగర్ వైపు వెళ్తాయి. ఎలక్ట్రిక్ స్కూటర్‌కి మాత్రం ఏ పార్టు పోయిందో చూసుకుని వెళ్లాలి.

బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, బేరింగులు అయితే ఆటోనగరే నయం. సైజుకి సరిపడేవి దొరికితే గంటలో పని అయిపోతుంది. కంపెనీలో ఇదే పనికి యాప్‌లో స్లాట్ బుక్ చేసి, బండి అప్పజెప్పి, సాయంత్రం దాకా ఫోన్ కోసం చూడాలి.

కంట్రోలర్ (మోటారుకి కరెంటు అందించి నడిపించే పెట్టె), బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్), బ్యాటరీ దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. చాలా మోడళ్లలో కొత్త కంట్రోలర్ బిగించాక కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో జత చేయాలి, లేకపోతే బండి కదలదు. బ్యాటరీ ప్యాక్ సీలు బయట విప్పించారా, వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

అలాగని కంపెనీని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. నా కంట్రోలర్‌కి ఒక సర్వీస్ సెంటర్‌లో 19 రోజులు పట్టింది, అడిగినప్పుడల్లా "స్టాక్ రావాలి సార్" అనే పాటే.

ఇంకోటి, వరద. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో బళ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. బ్యాటరీలోకి నీళ్లు చొరబడవంటూ ఐపీ67 అని గొప్పగా చెప్పే రేటింగుకి అర్థం మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు, అంతే! అలా మునిగిన బండిని ఛార్జింగ్ పెట్టకుండా, ఎంత ఆలస్యమైనా సరే కంపెనీకే పంపండి. ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద పార్టు పేరు, ఆర్డరు పెట్టిన తేదీ మాత్రం పట్టుబట్టి రాయించుకోండి.