సికూ యాప్: మంచు మీద తిరిగేవాళ్ల కోసం చేసింది, మొగ దగ్గరి బోటువాడు చూస్తే

ముందే చెప్పేస్తున్నానండి, ఈ యాప్ మన కోసం చేసింది కాదు. కెనడా ఉత్తరాన హడ్సన్ అఖాతంలో బెల్చర్ దీవులని ఉన్నాయి. అక్కడ సుమారు వెయ్యి మంది ఉండే సనికిలువాక్ అనే ఇన్యూట్ల (ఆ చలి ప్రాంతపు ఆదివాసుల) ఊరుంది. ఆ ఊరు కేంద్రంగా పనిచేసే ఆర్కిటిక్ ఐడర్ సొసైటీ దీన్ని తయారుచేసింది. 2017లో గూగుల్ వాళ్లు కెనడాలో పెట్టిన పోటీలో గెలిచి, 2019 డిసెంబరులో జనం చేతికిచ్చారు. డబ్బులేమీ కట్టక్కర్లేదు. సముద్రం గడ్డకట్టాక స్నోమొబైల్ బండ్లు వేసుకుని దాని మీద సీల్ వేటకీ చేపలకీ వెళ్లేవాళ్లు, ఎక్కడ మంచు గట్టిగా ఉంది, ఎక్కడ పగిలింది, ఎక్కడ పల్చబడింది అని ఒకరికొకరు చెప్పుకోవడానికి వాడతారు. అంతర్వేది పక్కన ఉండే నీకు దీంతో ఏం పని అని అడుగుతారు. ఉంది, చెప్తాను.

మాకు ఫైబర్ బోటు ఉంది. సముద్రం మీద వేట సంగతి తర్వాత, అసలు టెన్షన్ అంతా మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటడం దగ్గరే. వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలు ఒకచోట నిలవవు. జులై, ఆగస్టుల్లో వరద నీరు తోసుకొస్తే దారి తెరుచుకుంటుంది, వరద తగ్గాక అలలు మళ్లీ ఇసుక తెచ్చి పోస్తాయి, నిన్న రెండు బారల నీళ్లున్న చోట ఇవాళ బోటు అడుగు గీసుకుంటుంది. పాటు (సముద్రం వెనక్కి తగ్గే) సమయంలో సరుకుతో వస్తున్న బోటు మేట మీద ఆగిందంటే వెనక నుంచి వచ్చే అల దాన్ని తిరగేసేస్తుంది. భైరవపాలెం వైపు గౌతమి మొగలో తిరిగేవాళ్లని అడిగినా ఇదే మాట చెప్తారు.

ఈ సంగతి చెప్పే యాప్ నాకు ఎక్కడా దొరకలేదు. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వపు సముద్ర సమాచార సంస్థ) వాళ్లు చేపలు దొరికే చోట్లు ఇస్తారు, సముద్రపు నీటి వేడినీ, అందులోని నాచునీ శాటిలైట్‌తో చూసి, ఏ రేవు నుంచి ఏ దిక్కుగా ఎంత దూరం, ఎంత లోతు అని తెలుగులో చెప్తారు. మంచి సేవ, దాని మీద నాకేం పేచీ లేదు. కాకపోతే అది బయట సముద్రం సంగతి. మొగలో ఈ వారం దారి కుడి పక్కన ఉందా ఎడమ పక్కన ఉందా అన్నది దాని పని కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, బోట్లు ఒడ్డునుంటాయి, అందరం వలలు బాగుచేసుకుంటూ ఉంటాం. ఆ ఖాళీలో, ప్రపంచంలో ఇంకెవరికైనా ఇలాంటి బాధ ఉందా, వాళ్లేం చేస్తున్నారు అని వెతుకుతుంటే సికూ తగిలింది.

తెరిస్తే వచ్చేది మ్యాపు. దాని మీద యూరప్ వాళ్ల సెంటినెల్ శాటిలైట్ బొమ్మలు పరుచుకోవచ్చు. నా ఫోన్ పాతది, మా ఊరి సిగ్నల్ సంగతి మీకు తెలిసిందే, బొమ్మ మెల్లగా ముక్కలు ముక్కలుగా వచ్చింది. వల అల్లుతున్న మావయ్య తొంగి చూసి, "ఏంట్రా అల్లుడూ ఇది, ఎండగట్టిన రొయ్యల చెరువు అడుగులా ఉంది" అన్నాడు. నిజంగా అలాగే ఉంది, బీటలు వారిన ముక్కలు, మధ్యలో నల్లటి నీళ్ల గీతలు.

"ఈ ముక్కల మీదా వెళ్లేది?"

"ముక్కల మీద కాదు మావయ్యా, ఒడ్డుకి అతుక్కుని కదలకుండా ఉండే మంచు మీద. దాని చివరిదాకా వెళ్తారు. నీళ్లు మొదలయ్యేది అక్కడే, సీల్స్ దొరికేదీ అక్కడే."

"ఆ చివర ఊడిపోతే?"

మావయ్యకి రెండు నిమిషాల్లో అసలు విషయం అందింది. ఊడిపోతుంది. అలాస్కాలో ఇప్పుడు ఉత్కియాగ్విక్ అంటున్న బారో ఊళ్లో 1997 మేలో అదే జరిగింది. తిమింగలాల వేటకి మంచు అంచున గుడారాలు వేసుకున్న వందమందికి పైగా జనం, కింద మంచు తీరం నుంచి విడిపోయి సముద్రంలోకి కొట్టుకుపోతుంటే, హెలికాప్టర్లు వచ్చి వాళ్లని వెనక్కి తెచ్చాయి. తరతరాలుగా మంచు మీద బతికినవాళ్లే వాళ్లు, తెలియక వెళ్లినవాళ్లు కారు. ఇది చెప్పగానే మావయ్య 1996 నవంబరు తుఫాను ఎత్తుకున్నాడు, అది చాలాసేపు సాగింది, ఇక్కడ రాయను.

ఆ మంచు మనం అనుకున్నంత తేలిక వ్యవహారం కాదు. ఉప్పు నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు, మైనస్ 1.8 డిగ్రీల దాకా చల్లబడాలి. హడ్సన్ అఖాతం ఏటా చలికాలంలో గడ్డకట్టి వేసవికి పూర్తిగా కరిగిపోతుంది, అంటే వాళ్ల రోడ్లన్నీ ఏటా కొత్తగా పుట్టి ఏటా పోతాయి. ప్రవాహం జోరుగా ఉన్న చోట నీరు మంచుని అడుగు నుంచి తినేస్తుంది, పైకి ఏమీ కనిపించదు. పైన హిమం ఎక్కువ పడితే అది దుప్పటిలా కప్పేసి చలిని కిందికి పోనివ్వదు, మంచు పల్చగానే ఉండిపోతుంది, పైగా ఆ హిమం పగుళ్లని దాచేస్తుంది. అందుకే వేటగాళ్లు బల్లెంతో పొడిచి చూసుకుంటూ అడుగేస్తారు. మనవాళ్లు బోటు ముందు నిలబడి గెడతో లోతు చూసుకుంటూ మొగ దాటినట్టే అన్నమాట. శాటిలైట్ వచ్చి ఇన్నేళ్లయినా అక్కడా ఇక్కడా చివరికి కర్రే.

ఇక యాప్ విషయానికొస్తే, నాకు నచ్చింది పోస్టు పెట్టే పద్ధతి. ఒక వేటగాడు పగులు చూశాడనుకోండి, అక్కడే నిలబడి ఫొటో తీసి పెడితే, ఆ చోటు, ఆ తేదీ, అది ఎలాంటి మంచు, ఎంత ప్రమాదం అన్నవి దానికి అతుక్కుని ఉంటాయి. తర్వాత వచ్చేవాడు మ్యాపులో ఆ చుట్టుపక్కలకి రాగానే కనిపిస్తుంది. నిరుడు ఇదే నెలలో ఇక్కడ ఎలా ఉందో కూడా వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. దొరికిన జంతువు ఎలా ఉంది, ఏం తిన్నది అని కూడా రాసుకుంటారు. నెత్తురు ఫొటోలు ఉంటాయి, చేపలు కోసే ఇంట్లో పుట్టినవాళ్లకి అదేం పెద్ద విషయం కాదు.

మనకీ సమాచారం లేక కాదండి. మా వాట్సాప్ గ్రూపులో రోజూ తెల్లారుజామున వాయిస్ మెసేజీలు వస్తాయి, "మొగ మధ్యలో మేట పడింది, తూరుపు పక్కగా రండి" అని. వీళ్లకి తెలిసినంత ఏ ఆఫీసులోనూ తెలియదు. కానీ ఆ మెసేజీ మీద శుభోదయం ఫొటోలు, పెళ్లి కార్డులు, ఐస్ ధర, డీజిల్ ధర వచ్చి పడతాయి, మధ్యాహ్నానికి అది ఎక్కడుందో చెప్పినవాడికే తెలియదు. పైగా తూరుపు పక్క అంటే దేనికి తూరుపు? మా సరంగుకి తెలుసు, కొత్తగా బోటెక్కిన కుర్రాడికి తెలియదు. సికూలో ఉన్న తెలివంతా ఇంతే, మాట చోటుకి అంటుకుని ఉండటం. పెద్ద రాకెట్ సైన్సేమీ లేదు.

మంచు గురించి గూగుల్‌లో వెతికితే మొదట వచ్చేవి వేరే. ఆర్కిటిక్ మొత్తం మీద సముద్రపు మంచు 2012 సెప్టెంబరులో సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకి పడిపోయిందనీ, 2025 మార్చిలో ఏడాది గరిష్ఠం సుమారు 143 లక్షలే ఉందనీ, 1979 నుంచి శాటిలైట్ లెక్కల్లో అప్పటిదాకా వచ్చిన గరిష్ఠాల్లో అదే తక్కువనీ గ్రాఫులు వస్తాయి. ఆ లెక్కలు కావాలి, కాదనను. కానీ అవి తీసేది పెద్ద పెద్ద గళ్లలో, ఒక్కో గడి సుమారు 25 కిలోమీటర్లు. తీరం పక్కన నేల, మంచు కలిసిపోయి లెక్క ఇంకా తేడా కొడుతుంది. ఊరి ముందు రెండు కిలోమీటర్ల దూరంలో పగులు ఉందా లేదా అంటే గ్రాఫ్ ఏం చెప్తుంది? కెనడా ప్రభుత్వం మంచు మ్యాపులు ఇస్తుంది, గుడ్డు ఆకారంలో గీసి లోపల అంకెలతో మంచు పదింట ఎన్ని వంతులు, ఎంత వయసు, ముక్కలు ఎంతెంత అని రాస్తారు, చాలా శ్రద్ధగా చేసిన పని, కానీ ముఖ్యంగా ఓడల వాళ్లకి పనికొచ్చేది. ఓడ మంచుని తప్పించుకోవాలి, వేటగాడు మంచు మీదే నిలబడాలి.

ఈ మాట వచ్చింది కాబట్టి, మా ఊళ్లో అందరూ అడిగేది ఒకటుంది, అక్కడ మంచు కరిగితే మనం మునిగిపోతామా అని. సముద్రం మీద తేలే మంచు కరిగితే మట్టం పెద్దగా పెరగదు, అది ముందే నీళ్లలో ఉంది. గ్రీన్లాండ్, అంటార్కిటికా లాంటి చోట్ల నేల మీద ఉన్న మంచు కరిగితే పెరుగుతుంది. అంతర్వేది, ఉప్పాడ తీరాలు కోసుకుపోవడానికి ఇవి కాక మన ఇంటి కారణాలు కూడా ఉన్నాయి, పైనుంచి వచ్చే ఒండ్రు ఆనకట్టల దగ్గరే ఆగిపోవడం అందులో పెద్దది.

ఆనకట్టలంటే, సికూ చేసిన ఆర్కిటిక్ ఐడర్ సొసైటీ పుట్టుక వెనకా అదే ఉంది. ఐడర్ అంటే ఒక సముద్రపు బాతు. బెల్చర్ దీవుల దగ్గర చలికాలమంతా అది వలస పోకుండా, మంచు మధ్యలో గడ్డకట్టని నీటి మడుగుల్లో బతుకుతుంది. దాని మెత్తటి ఈకలు అక్కడివాళ్లకి చలి కోటు. 1992 ప్రాంతంలో ఆ మడుగులు గడ్డకట్టి బాతులు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. క్యుబెక్‌లో కరెంటు కోసం కట్టిన డ్యాములు, చలికాలంలో కరెంటు వాడకం ఎక్కువ కాబట్టి, అప్పుడే మంచినీళ్లు ఎక్కువగా వదులుతాయి. మంచినీరు తేలిక, ఉప్పు నీటి మీద పరుచుకుంటుంది, త్వరగా గడ్డకడుతుంది. దాంతో మంచు తీరు మారుతోందని ఊరి పెద్దవాళ్ల మాట. వాళ్ల మాటని లెక్కలతో కలిపి రాసుకోవాలనే పట్టుదల నుంచి వచ్చిందే ఈ యాప్. ధవళేశ్వరం దగ్గర ఎప్పుడు ఎంత వదిలారో చూసుకుని మొగ ఎలా ఉంటుందో ముందే చెప్పే ముసలాళ్లు మా దగ్గరా ఉన్నారు. వాళ్ల మాట ఎవరూ రాసుకోలేదు.

సికూ మ్యాపుల్లో స్మార్ట్ఐస్ అనే ఇంకో సంస్థ కొలతలు కూడా వస్తాయి. మెమోరియల్ యూనివర్సిటీ భూగోళ శాస్త్రవేత్త ట్రెవర్ బెల్ దాని వెనక ఉన్నాడు. 2009-10 చలికాలం లాబ్రడార్ తీరంలో మామూలు కన్నా వెచ్చగా ఉండి, చాలామంది పల్చటి మంచు విరిగి నీళ్లలో పడ్డారు, దాని తర్వాతే ఈ ఆలోచన. స్నోమొబైల్ వెనక లాక్కెళ్లే చెక్క బండిలో ఒక యంత్రం పెడితే, అది వెళ్తూ వెళ్తూనే కింద మంచు ఎంత మందమో కొలుస్తుంది, బండి తోలేది ఊరివాళ్లే. ఇంకోటి మంచులో పాతేసే బోయ అనే పరికరం, అది ఒకేచోట ఉండి మందం పంపిస్తుంది. మా మొగలో బోటు అడుగున చేపలు చూసే సౌండర్ ఎలాగూ ఉంటుంది, ఆ లోతు లెక్కలు రోజూ పుట్టి రోజూ గాల్లో కలిసిపోతున్నాయి.

ఇంకో మంచి సంగతి, పోస్టు ఎవరిది వాళ్లదే. ఎవరికి చూపించాలో, చోటు కచ్చితంగా చూపించాలో వద్దో పెట్టినవాడే తేల్చుకుంటాడు. ఇది మాటవరసకి పెట్టింది కాదు, చేపలు పడే చోటు పక్క బోటుకి చెప్పమంటే మా వాళ్లెవరైనా చెప్తారా? ప్రమాదం అందరికీ, దొరికే చోటు మనవాళ్లకి మాత్రమే, ఈ తేడా తెలిసినవాళ్లు చేసిన యాప్ అని అక్కడే అర్థమైంది. మన దగ్గర ఒక చేపల యాప్ వేసుకున్నాను, పేరు చెప్పను, తెరవగానే కాంటాక్టులు కావాలంది, లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలంది, తీసిపారేశాను.

తక్కువలు కూడా చెప్పాలి. ఇంగ్లీషూ, అక్కడి భాషలూ తప్ప మనకేమీ లేదు, ఉండాలని అడగడం కూడా న్యాయం కాదు. చాలా పోస్టులు వాళ్ల ఊళ్ల వరకే ఉంచుకుంటారు కాబట్టి ఇక్కడ కూర్చుని చూస్తే మ్యాపు బోసిగా కనిపిస్తుంది. వేసవిలో తెరిస్తే మంచే ఉండదు, నవంబరు తర్వాత చూడండి. డేటా బాగా తాగుతుంది, వైఫై దగ్గర చూసుకోవడం మేలు.

ఐదుకి నాలుగు ఇస్తాను. తుఫాను హెచ్చరిక, అలల ఎత్తు కావాల్సినవాళ్లు దీన్ని వేసుకోకండి, ఇన్‌కాయిస్ చాలు. మత్స్యకార సంఘం గ్రూపులు నడిపేవాళ్లూ, అమలాపురంలోనో కాకినాడలోనో కంప్యూటర్లు చదివే మన పిల్లలూ మాత్రం ఒక సాయంత్రం కూర్చుని చూడండి, ముఖ్యంగా పోస్టు పెట్టే పేజీ, అందులో ఇది ఎవరికి చూపించాలి అని అడిగే చోటు.