ఏ ప్లస్ ప్లస్ గ్రేడా, ఏడో ర్యాంకా, అన్నేపర్తి బస్సా?

పీజీ సీట్ల కోసం రాసే సీపీగెట్ ఎంట్రన్స్ తర్వాత, ఏ కాలేజీ కావాలో వెబ్ ఆప్షన్లు పెట్టే వారంలో మా వీధిలో నాకు గిరాకీ పెరుగుతుంది. నల్లగొండలో పాతికేళ్లకు పైగా కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఈసారి వచ్చింది మా ఊరి బత్తాయి రైతు, వెంట ఆయన బిడ్డ. బీఎస్సీ అయింది, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేయాలి. ఆయన చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఉస్మానియాకు ఏడో ర్యాంకు వచ్చిందన్న పేపర్ కటింగ్. రెండోది ఒక ప్రైవేటు యూనివర్సిటీ రంగుల బ్రోచర్, దాని మీద బంగారు అక్షరాల్లో ఏ ప్లస్ ప్లస్. అన్నేపర్తి దగ్గరున్న మన మహాత్మా గాంధీ యూనివర్సిటీకి మాత్రం కాగితమేదీ లేదు. రోజూ బస్సులోంచి కనబడేదానికి కాగితమెందుకు అనుకున్నట్టున్నాడు.

"సార్, ఏడో ర్యాంకు పెద్దదా, ఏ ప్లస్ ప్లస్ పెద్దదా?" అని అడిగాడు.

నవ్వొచ్చింది గానీ, తప్పు ఆయనది కాదు. రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టి అమ్ముతున్నారు మరి.

ఏ ప్లస్ ప్లస్ ఇచ్చేది నాక్. యూజీసీ 1994లో పెట్టిన సంస్థ, ఆఫీసు బెంగళూరులో. నాలుగు పాయింట్లకు 3.51 దాటితే ఏ ప్లస్ ప్లస్, 3.26 నుంచి ఏ ప్లస్, ఆ కిందకు ఏ, బీ ప్లస్ ప్లస్, ఇలా దిగుతుంది. ఇది పరీక్షలో ఫస్ట్ క్లాస్ లాంటిది. ఎంతమందికైనా రావచ్చు, ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పదు. ర్యాంకు ఇచ్చేది ఎన్‌ఐఆర్‌ఎఫ్. కేంద్ర విద్యాశాఖది, మొదటి జాబితా 2016లో వచ్చింది. అక్కడ ఒకరు పైకెక్కితే ఇంకొకరు దిగాల్సిందే.

నాక్ సంగతి నాకు లోపలి నుంచి తెలుసు. నేను పనిచేసిన ఒక కాలేజీకి తనిఖీ బృందం వస్తుందంటే నెల ముందే సున్నాలు, రంగులు మొదలయ్యాయి. పూల కుండీలు కిరాయికి తెచ్చారు. ముందురోజు రాత్రి స్టాఫ్ రూమ్‌లో కూర్చుని, ఎప్పుడూ జరగని పేరెంట్స్ మీటింగులకు రిజిస్టర్ రాశాం. సంతకాలన్నీ ఒకే పెన్నుతో ఉంటే దొరికిపోతామని అటెండర్ మూడు రకాల పెన్నులు కొనుక్కొచ్చాడు. నేనూ ఎడమ చేత్తో ఓ పదిహేను సంతకాలు పెట్టాను. సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది జరిగింది. 2017లో పద్ధతి మార్చి, దాదాపు 70 శాతం మార్కులు ఆన్‌లైన్‌లో పెట్టే లెక్కలకే ఇచ్చారు, బృందం చేతిలో మిగిలింది 30 శాతం. అయినా 2025 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ప్రైవేటు విద్యాసంస్థకు ఏ ప్లస్ ప్లస్ ఇప్పించేందుకు లంచం ఇచ్చిపుచ్చుకున్నారన్న ఆరోపణ మీద తనిఖీ బృందం చైర్మన్‌తో సహా పదిమందిని సీబీఐ అరెస్టు చేసింది. ఇంకో చిన్న సంగతి: గ్రేడు మామూలుగా ఐదేళ్లకే. బ్రోచర్ మీద బంగారు అక్షరాలుంటాయి గానీ గడువు ఎప్పటిదాకా అన్నది కనబడదు.

మరి ర్యాంకు నయమా? కొంత నయమే. కానీ దాని కొలత ఏమిటో చూస్తే మన జిల్లా యూనివర్సిటీల మీద జాలేస్తుంది. వందలో 30 బోధన, వనరులకు. 30 పరిశోధనకు. 20 చదువు పూర్తిచేసినవాళ్ల లెక్కకు. 10 అన్ని వర్గాలవాళ్లూ ఉన్నారా అన్నదానికి. చివరి 10 పేరు ప్రతిష్ఠలకు, అంటే పెద్దలనూ కంపెనీలవాళ్లనూ అడిగి వేసే మార్కులు. ఉస్మానియా 1918ది. మహాత్మా గాంధీ యూనివర్సిటీ 2007ది, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008ది. అంతకుముందు రెండూ ఓయూ పీజీ సెంటర్లే. నూరేళ్ల తాతతో పందెంలో నిలబడి, "నీ పేరు ఎంతమందికి తెలుసు?" అంటే మనవడు ఏం చెబుతాడు?

ఇంకో తిరకాసు. అన్ని వర్గాలవాళ్లకని పెట్టిన ఆ 10లో 3 మార్కులు వేరే రాష్ట్రాల, వేరే దేశాల పిల్లలు ఎంతమంది ఉన్నారన్నదానికి. దేవరకొండ, మునుగోడు, అచ్చంపేట పిల్లలు ఇంటి దగ్గరే పీజీ చదవాలని పెట్టిన యూనివర్సిటీలు ఇవి. వాళ్లతోనే క్లాసులు నిండితే ఈ 3 మార్కుల్లో చేతికొచ్చేది అంతంతే. పరిశోధన వ్యాసాల లెక్క స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే రెండు డేటాబేసుల నుంచి తీస్తారు. వాటిలో ఉండేది ఎక్కువగా ఇంగ్లిష్ జర్నల్సే. మూసీ నీళ్ల మీద తెలుగులో ఎంత మంచి వ్యాసం రాసినా అక్కడ సున్నా.

పోనీ ర్యాంకు నిలకడగా ఉంటుందా అంటే అదీ లేదు. 2024లో ఓయూ యూనివర్సిటీల జాబితాలో 43, రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల జాబితాలో 6. మరుసటి ఏడాది మొదటి జాబితాలో 30కి ఎక్కింది, రెండోదాంట్లో 7కి దిగింది. ఒకే ఏడాది, ఒకే యూనివర్సిటీ, ఒకచోట పైకి, ఒకచోట కిందికి. పేపర్ కటింగ్‌లో ఏది హెడ్డింగ్ అవుతుందో డెస్కు మీద కూర్చున్నవాళ్ల ఇష్టం.

అమెరికా వెళ్లే పిల్లలకూ ఇదే గోల. మిర్యాలగూడ నుంచి ఎమ్మెస్‌కు పోయే పిల్లవాడికి కన్సల్టెన్సీలో "ఇది ఆర్1 యూనివర్సిటీ" అంటారు, అదేదో ఒకటో ర్యాంకు అన్నట్టు. అది కార్నెగీ వర్గీకరణ. 2025 లెక్క ప్రకారం ఏడాదికి పరిశోధన మీద 5 కోట్ల డాలర్ల ఖర్చు, 70 పీహెచ్‌డీలు ఉంటే ఆర్1. అలాంటివి 187 ఉన్నాయి. ఇది ర్యాంకు కాదని కార్నెగీ వాళ్లే చెబుతారు. కొన్ని సర్కారు యూనివర్సిటీలకు తగిలించే 'పబ్లిక్ ఐవీ' అన్నదైతే 1985లో ఒక అడ్మిషన్స్ అధికారి తన పుస్తకంలో వాడిన మాట, దానికి సర్కారు ముద్ర లేదు.

ఇవన్నీ విని రైతు, "అంటే రెండూ ఉత్తవేనా సార్?" అన్నాడు. తర్వాత తనే, "మార్కెట్లో బత్తాయి కుప్పను పైపైన చూసి రేటు కడతరు, మళ్ల తరుగు తీస్తరు. గట్లనే అన్నట్టు" అన్నాడు.

ఉత్తవి కాదు. ఏది మేలని నిలదీస్తే నేను ఎన్‌ఐఆర్‌ఎఫ్ వైపే ఉంటాను, కానీ ర్యాంకు కోసం కాదు, దాని వెనకున్న ఫైలు కోసం. ర్యాంకుకు అప్లై చేసిన ప్రతి సంస్థా తాను పంపిన లెక్కలను సొంత వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ పీడీఎఫ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది టైముకు పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతమెంత (అంటే వరసలో సరిగ్గా నడిమధ్యన ఉన్నవాడి జీతం), ఎంతమంది పై చదువులకు పోయారు, అన్నీ ఉంటాయి. యూనివర్సిటీల జాబితాలో ఉద్యోగాలకు మార్కులే లేవు. పాసైన పిల్లలకూ పీహెచ్‌డీలకూ మాత్రమే ఇస్తారు. కానీ ఆ లెక్క ఫైల్లో ఉంటుంది, మనం చూసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, టీచర్ల పట్టిక. పేరు, చదువు, ఎన్ని నెలల అనుభవం, చివరి గడిలో రెగ్యులరా, కాంట్రాక్టా. మన రాష్ట్ర యూనివర్సిటీలు చాలావరకు కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ సార్ల మీదే నడుస్తున్నాయి. వాళ్లు చెప్పరని కాదు, బాగా చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ పీహెచ్‌డీకి గైడ్ కావాలన్నా, ప్రాజెక్టు తెచ్చి ల్యాబ్‌లో పరికరం కొనాలన్నా రెగ్యులర్ పోస్టు ఉండాలి.

అప్పటిదాకా మాట్లాడని బిడ్డ ఫోన్ తీసింది. "నువ్వేం కావాలనుకుంటున్నవమ్మా?" అని అడిగాను. "జూనియర్ లెక్చరర్ సార్. వీలైతే పీహెచ్‌డీ" అంది.

జేఎల్ నోటిఫికేషన్‌లో అడిగేది గుర్తింపు ఉన్న యూనివర్సిటీ పీజీ. దాని గ్రేడెంత, ర్యాంకెంత అని అడగరు. ఆ లెక్కన అన్నేపర్తి చాలు. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఫ్రీ కాబట్టి ఆధార్ కార్డు, జీరో టికెట్‌తో రోజూ ఇంటికొచ్చి తినొచ్చు. హైదరాబాద్ హాస్టల్, మెస్ ఖర్చు లేకుంటే రెండేళ్లలో బత్తాయి తోటకు ఒక బోరు పడుతుంది. పీహెచ్‌డీ సంగతి నిజంగా మనసులో ఉంటే మాత్రం ఓయూ క్యాంపస్ మేలు. అక్కడి లైబ్రరీ, ల్యాబులు, చుట్టూ లెక్చరర్ అర్హతకు పెట్టే నెట్ పరీక్షకు చదివే పిల్లల గుంపు, వీటికి బదులు లేదు. క్యాంపస్ అన్న మాట మరచిపోవద్దు. ఓయూ అనుబంధ కాలేజీ ఏదో గల్లీలో వస్తే, సర్టిఫికెట్ మీద పేరు ఒకటే గానీ ఆ ర్యాంకుకు పంపిన లెక్కల్లో ఆ కాలేజీ లేదు. దానికోసం పట్నం పోవడం దండగ.

మా వరండాలోనే ఆప్షన్లు రాసుకుంది. ముందు ఓయూ క్యాంపస్, తర్వాత మహాత్మా గాంధీ, మూడోది పాలమూరు. అనుబంధ కాలేజీలు కొట్టేసింది.

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. ఆ బ్రోచర్ వాళ్లేనట, రోజుకు రెండుసార్లు చేస్తున్నారట. స్పీకర్‌లో పెట్టాడు. ఫీజులో రాయితీ అంటున్నాడు అవతలి కుర్రాడు. "మంచిదే గానీ, కెమిస్ట్రీల రెగ్యులర్ సార్లు ఎంతమంది?" అని అడిగాడు మా రైతు.

కాసేపు చప్పుడు లేదు. "సార్, మాది ఏ ప్లస్ ప్లస్ సార్" అన్నాడు కుర్రాడు.