బోల్ట్ హ్యాండిల్ చూసి రైఫిల్ ఉంచుకున్నాను

లైసెన్సు మీద మూడు తుపాకుల దాకా ఉంచుకోవచ్చన్నది 2019 సవరణతో రెండుకి తగ్గింది. తార్నాకలో మా ఇంట్లో సరిగ్గా మూడుండేవి. డబుల్ బ్యారెల్ నాన్నది కాబట్టి అది కదలకూడదని అమ్మ పట్టు. ఇక మిగిలింది తాతగారి 275 మౌజర్ రైఫిలా, నేను కొన్న ఇషాపూర్ ఫ్యాక్టరీ 315 రైఫిలా అన్న తగువు. అప్పటికి రెండూ పదేళ్లు వాడినవే. మౌజర్‌ని డీలర్ దగ్గర జమ చేశాను. తూటాలు దొరకవనే కదా అంటారు తెలిసినవాళ్లు. అదీ ఉంది. అసలు గొడవ మాత్రం బోల్ట్ హ్యాండిల్‌ది, అంటే కాల్చిన ప్రతిసారీ లేపి, వెనక్కి లాగి, ముందుకు నెట్టి కొత్త తూటా ఎక్కించే పిడిది.

అందం మౌజర్‌దే. హ్యాండిల్ పలచగా, గరిట కాడలా కిందికి వంగి చెక్కని అంటుకుని ఉంటుంది. భుజాన వేసుకుంటే నడుముకు గుచ్చుకోదు, కవర్ జిప్పుకి తగులుకోదు. రోజంతా అడవిలో మోసేవాళ్లకు అది వరం. తాతగారు వేటని ఆపిన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి ముందు అలా మోసిన మనిషి. నేను మోసేది కారు డిక్కీ నుంచి షూటింగ్ రేంజ్ దాకా. ఏప్రిల్ ఎండలో చేతులు చెమటపట్టాక ఆ రేకుని వేళ్ల కొసలతో పట్టుకుని లేపాలి. మౌజర్ బోల్ట్ 90 డిగ్రీలు లేవాలి, తూటాని పేల్చే స్ప్రింగు బిగిసేదీ ఆ లేపడంలోనే. ఒకసారి వేలు జారి గోరు చీరుకుపోయింది. గురి చూసే స్కోప్ పైన పెట్టించాక ఇంకా తిప్పలు: లేచిన హ్యాండిల్‌కీ స్కోప్ గొట్టానికీ మధ్య బొటనవేలు ఇరుక్కునేది. దాంతో ప్రతిసారీ తుపాకీ భుజం మీంచి దించి తిప్పేవాణ్ని. దించితే గురి మళ్లీ మొదటికే.

ఇషాపూర్‌ది పాత బ్రిటిష్ సైన్యపు రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ వంశం. హ్యాండిల్ చివర పెద్ద గోలీలాంటి గుండు, ట్రిగ్గర్ పక్కనే. 60 డిగ్రీలు లేస్తే చాలు. అరచేత్తో ఎగదోసి, వెనక్కి లాగి, నెట్టేస్తే అయిపోయింది. బుగ్గ చెక్క మీంచి లేవదు. దీనిలో స్ప్రింగు మూసేటప్పుడు బిగుస్తుంది, చివర్లో గట్టిగా తోయాలి. మొదటి నెలల్లో ఆ తోపుకి బారెల్ మూతి కిందికి వాలేది. మోస్తే గుండు నడుము ఎముకకి కొడుతుంది. 2023 ఎన్నికలప్పుడు స్టేషన్లో జమ చేయడానికి తీసుకెళ్తుంటే కవర్ కూడా ఆ గుండు దగ్గరే చిరిగింది, గోనెదారంతో కుట్టుకున్నాను.

మౌజర్ హ్యాండిల్ కోయించి గుండు అతికించుకోమని ఒకాయన సలహా ఇచ్చాడు. పని పెద్దదేం కాదు. తాతగారి చెయ్యి రాసుకుని నలుపు పోయిన ఆ రేకుని కోయించబుద్ధి కాలేదు.