ఏఎస్‌కే 21: నేల తాకే వేళ ఈ శిక్షణ గ్లైడర్ ఎలా ఉంటుంది?

జర్మనీకి చెందిన అలెగ్జాండర్ ష్లైకర్ సంస్థ తయారీ అయిన ఏఎస్‌కే 21ను రుడాల్ఫ్ కైజర్ రూపొందించగా, అది 1979లో తొలిసారి ఎగిరింది. రెండు సీట్లు, కొన నుంచి కొనకు 17 మీటర్ల రెక్కలు, ఫైబర్‌గ్లాస్ దేహం గల ఈ గ్లైడర్‌ను నేను ప్రధానంగా ల్యాండింగ్ కోణం నుంచే చూస్తున్నాను, ఎందుకంటే ఇంజిన్ లేని విమానంలో అంచనా తప్పితే మళ్లీ పైకి లేచి ఇంకోసారి ప్రయత్నించే వీలుండదు.

దీని ముక్కు కింద స్థిరమైన చిన్న చక్రం ఉంటుంది. వేగంగా దిగిన విద్యార్థి నేలను తాకి ఎగిరిపడినప్పుడు, కంగారులో స్టిక్‌ను (ముక్కును పైకీ కిందికీ కదిలించే నియంత్రణ కర్రను) ముందుకు తోస్తే ఆ చక్రమే ముందుగా నేలను కొడుతుంది. అప్పుడు ముక్కు మళ్లీ పైకి లేస్తుంది, విద్యార్థి మళ్లీ తోస్తాడు, ప్రతి గెంతూ ముందటి దానికంటే బలంగా మారి చివరకు గ్లైడర్ దేహానికీ, కొన్నిసార్లు లోపలివారి వెన్నెముకకూ దెబ్బ తగులుతుంది. ఆ క్షణంలో ఎయిర్‌బ్రేకులను పూర్తిగా తెరవడం మరింత ప్రమాదకరం, ఎందుకంటే రెక్కల పైభాగాన లేచే ఆ పలకలు లిఫ్ట్‌ను, అంటే గ్లైడర్‌ను గాలిలో నిలిపే బలాన్ని, ఒక్కసారిగా తగ్గిస్తాయి. స్టిక్‌ను నిలకడగా పట్టుకుని, ఎత్తు తగ్గేకొద్దీ మెల్లగా వెనక్కి లాగడమే సరైన పద్ధతి.

నియంత్రణలు తేలికగా, ఊహించదగినట్లుగా ఉంటాయి. అయితే ఈ సాధుత్వమే నాకు కాస్త అనుమానం కలిగిస్తుంది: ఇది సులభంగా స్పిన్‌లోకి (వేగం బాగా తగ్గినప్పుడు గిరగిరా తిరుగుతూ కిందికి పడిపోయే స్థితిలోకి) వెళ్లదు కాబట్టి, స్పిన్ నేర్పడానికి తోక భాగంలో ప్రత్యేకంగా బరువులు అమర్చవలసి వస్తుంది. తక్కువ ఎత్తులో, తక్కువ వేగంతో చివరి మలుపు తిప్పే అలవాటును ఇది క్షమించవచ్చు, తరువాత నడిపే ఒంటరి సీటు గ్లైడర్ క్షమించకపోవచ్చు. అయినా తొలి పాఠాలకు నేను దీనినే ఎంచుకుంటాను.