ఏళ్లుగా కదలని మెర్సిడిస్ 230ఈ కొంటున్నారా? ముందు తాళం తిప్పనివ్వకండి

"బ్యాటరీ డౌన్ అయిందండీ, జంపర్ పెడితే పట్టేస్తుంది." షెడ్డులో టార్పాలిన్ కింద ఏడెనిమిదేళ్లుగా పడి ఉన్న డబ్ల్యూ123 బాడీ 230ఈ దగ్గర ఈ మాట వినపడితే అక్కడే ఆపండి. కొనేవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నది సరిగ్గా ఆ క్షణంలోనే. అంతవరకు ట్యాంకు శుభ్రం చేసుకుని, ఫిల్టరు, పైపులు మార్చుకుంటే సరిపోయే బండి, పాత పెట్రోలు మీద ఒక్కసారి సెల్ఫ్ కొట్టగానే, ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్ పోయిన బండి అవుతుంది. బేరం మాత్రం పాత రేటుకే ముగుస్తుంది.

ఈ కారులో ఉండేది బాష్ కే-జెట్రానిక్ అనే మెకానికల్ పెట్రోలు ఇంజెక్షన్. కార్బురేటర్ కాదు, ఇప్పటి కంప్యూటర్ ఇంజెక్షనూ కాదు. ఇంజన్ పీల్చే గాలి ఒక గుండ్రటి ప్లేటును కిందికి నొక్కుతుంది, ఆ ప్లేటు తాలూకు లివరు డిస్ట్రిబ్యూటర్ లోపలి ప్లంజర్ అనే సన్నని కడ్డీని పైకి నెడుతుంది, ఎంత లేస్తే అంత పెట్రోలు నాలుగు ఇంజెక్టర్లకూ నిరంతరంగా పోతుంది. ప్లంజర్‌కూ దాని గూటికీ మధ్య సందు మైక్రాన్లలోనే. ట్యాంకులో ఏళ్లుగా నిలవున్న పెట్రోలులో తేలిక భాగం ఆవిరైపోయి మిగిలింది జిగురవుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే తేమను పీల్చుకుని, ఒక స్థాయి దాటాక ఇథనాల్ నీళ్లతో కలిసి వేరుపడి అడుగుకు దిగుతుంది. ట్యాంకు అవుట్‌లెట్ ఉండేది కూడా అడుగునే కదా, పంపు ముందుగా లాగేది ఆ నీళ్లనూ తుప్పు మడ్డినీ. ఫిల్టరు కొంత ఆపినా, జిగురూ నీళ్లూ దాటిపోతాయి. ప్లంజర్ పైకి లేచిన చోట పట్టేసిందంటే పంపు తిరుగుతున్నంతసేపు ఇంజెక్టర్లు పోస్తూనే ఉంటాయి. సిలిండర్ నిండి కనెక్టింగ్ రాడ్ వంగే దాకా పోవచ్చు.

కాబట్టి బేరానికి ముందే బ్యాటరీ నెగటివ్ తీసి, పంపు ఫ్యూజు లాగేసి, చూడాల్సినవి చూడండి. ఎయిర్ క్లీనర్ మూత తీసి ప్లేటును వేలితో మెల్లగా నొక్కండి. మెత్తగా, ఎక్కడా తట్టకుండా దిగాలి. బిగుసుకుని ఉంటే ప్లంజర్ పట్టేసినట్టే, బలవంతం చేయకండి. ప్లేటు పక్కన గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్స్‌చర్ స్క్రూ రంధ్రం ఉంటుంది, 3 మి.మీ. అలెన్ కీ దూరేది. దానికి మూత ఉండాలి. మూత పోయి, అంచులు గీతలు పడి ఉంటే ఎవరో వాక్యూం లీకును (సందుల్లోంచి ఇంజన్‌లోకి దొంగగాలి చొరబడటం) స్క్రూ తిప్పి కప్పిపుచ్చారని అనుమానించండి. క్లీనర్ కింద అసలు డిస్ట్రిబ్యూటర్ బదులు కార్బురేటర్ కనిపించవచ్చు, బానెట్ కింద ఏకంగా డీజిల్ ఇంజనే ఉండవచ్చు. ఆర్‌సీలో ఇంధనం గడి, ఇంజన్ నంబరు సరిచూసుకోండి. 15 ఏళ్ల గడువు దాటాక రెన్యువల్ చేయించారో లేదో కూడా.

అమ్మేవాళ్ల ఇంకో పద్ధతి, ఇన్‌టేక్‌లోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టి నాలుగు సెకన్లు తిప్పి చూపించడం. దానివల్ల తెలిసేది స్పార్క్ ఉందని మాత్రమే. మీరు వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉందా? రేపు పొద్దున చల్లగా ఉన్నప్పుడు వస్తామని చెప్పండి.

తీసుకున్నారనుకుందాం. తొందర పడకండి. ట్యాంకు ఖాళీ చేసి, ఆ పెట్రోలు గాజు సీసాలో పోసి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి అడుగున వేరే పొర కనిపిస్తే అది నీళ్లు, లేదా నీళ్లు కలిసిన ఇథనాల్. వార్నిష్ వాసన కొడితే ట్యాంకు దించాల్సిందే. దాని అడుగున ఉండే జల్లెడ, వెనక చక్రాల ముందు కారు కింద కవరులో ఉండే పంపు, ఫిల్టరు, బండి ఆపాక లైనులో ప్రెషరు నిలిపే అక్యుములేటర్, వాటి రబ్బరు పైపులు అన్నీ ఒకేసారి చూసుకోవాలి. పాత రబ్బరు ఇథనాల్‌కు తయారైంది కాదు. ఇంజెక్షన్ ప్రెషరుకు తగిన, ఇథనాల్ తట్టుకునే పైపే వేయండి. మామూలు కార్బురేటర్ పైపు ఇక్కడ మంటకు దారి.

తర్వాత స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి ఒక రోజు ఆగండి. క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ పెట్టి, ముందు నుంచి చూస్తే గడియారం తిరిగే వైపు, చేత్తో రెండు చుట్లు తిప్పండి. వెనక్కి తిప్పితే టైమింగ్ చైన్ టెన్షనర్‌కు మంచిది కాదు. ఆయిల్, ఫిల్టరు మార్చి, ప్లగ్గులు లేకుండానే, ఇగ్నిషన్ కనెక్షన్ తీసి, పంపు ఫ్యూజు బయటే ఉంచి, పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. మీటర్లో ఆయిల్ సూది కదలాలి.

పెట్రోలు లైను డిస్ట్రిబ్యూటర్ దగ్గర విప్పి డబ్బాలోకి పెట్టి, పంపు ఫ్యూజు తిరిగి పెట్టి, కొత్త పెట్రోలుతో పంపును నడిపించండి. పంపు రిలే తీసి, దాని మీద 30, 87 అని ఉన్న పిన్నుల గూళ్లను ఫ్యూజు ఉన్న వైరుతో కలిపితే పంపు తిరుగుతుంది. రెండు మూడు లీటర్లు తేటగా వచ్చేదాకా పోనివ్వండి, ఆ తర్వాతే కొత్త ఫిల్టరు వేసి లైను కలపండి. మిగులు పెట్రోలును ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ పైపు నుంచి 40 సెకన్లలో కనీసం ఒక లీటరు రావాలి. తక్కువొస్తే పంపును తిట్టే ముందు దాని దగ్గర వోల్టేజీ చూడండి, 11.5 కన్నా తగ్గితే తప్పు వైరింగుది.

ఇక్కడ పొరపాటు చేయకండి: పంపు తిరుగుతుండగా ఇంజెక్టర్లు ఇంజన్‌లోనే ఉంటే ప్లేటును ముట్టుకోవద్దు, పెట్రోలంతా సిలిండర్లలోకే పోతుంది. నాలుగు ఇంజెక్టర్లనూ బయటికి లాగి, నాలుగు కొలత సీసాల్లో పెట్టి అప్పుడు నొక్కండి. ప్లేటు వదలగానే ఒక్క చుక్క కారకూడదు. నొక్కినప్పుడు పొగమంచులా చిమ్మాలి. సీసాల మధ్య తేడా 15 శాతం దాటితే ఇంజెక్టర్లను ఒకదానితో ఒకటి మార్చి మళ్లీ కొలవండి. తేడా ఇంజెక్టర్‌తో కదిలితే ఇంజెక్టర్ పోయింది, లైనుతోనే ఉండిపోతే డిస్ట్రిబ్యూటర్. దాన్ని డీజిల్ పంపు షాపులో విప్పించకండి. లోపలి పలుచని స్టీలు డయాఫ్రం, స్ప్రింగుల అమరిక చెడితే నాలుగు లైన్లూ మళ్లీ సమానం కావు.

ప్రెషర్ గేజీ లేకుండా ట్యూనింగ్ చేస్తాననే మెకానిక్‌కు బండి ఇవ్వకండి. సిస్టమ్ ప్రెషర్ సుమారు 5 బార్, ఇంజన్ వేడెక్కాక కంట్రోల్ ప్రెషర్ (ప్లంజర్‌ను పై నుంచి కిందికి నొక్కేది) సుమారు 3.5 బార్ ఉండాలి. కంట్రోల్ తక్కువైతే మిశ్రమం చిక్కబడుతుంది, ఎక్కువైతే పలచబడుతుంది. ఆపిన 20 నిమిషాల తర్వాత 2 బార్ కూడా నిలవకపోతే తప్పు అక్యుములేటర్‌ది, లేదా పెట్రోలు వెనక్కి పోకుండా ఆపే పంపు చెక్ వాల్వ్‌ది. మే నెలలో పెట్రోలు బంకు దగ్గర ఆపిన బండి మళ్లీ పట్టకపోవడానికి కారణం ఎక్కువగా ఇదే, స్టార్టర్ మోటారు మార్చి ప్రయోజనం లేదు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు పక్కన మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ ఉండాలి, ఒక మనిషి కారు కింద పైపుల మీద కన్నేసి ఉండాలి. బ్రేక్ పైపులు, ఫ్లూయిడ్ మార్చకుండా రోడ్డు మీదికి తీయకండి. మొదటి 300 కిలోమీటర్లకే పెట్రోలు ఫిల్టరు మళ్లీ మార్చి, పాతదాన్ని తెల్ల ట్రేలో బోర్లించి చూడండి. గోధుమరంగు పొడి రాలితే ట్యాంకు ఇంకా తుప్పు వదులుతోంది.