పరిగెత్తే కుక్కలకు సోనీ ఏ6400, 70-350 లెన్స్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

పరుగెడుతున్న కుక్కల్ని ఫొటోలు తీయడానికి కెమెరా కొందామనుకునేవాళ్ళకి అసలు మాట ముందే చెప్పేస్తాను. సోనీ ఏ6400 బాడీ, దానికి 70-350 జీ లెన్స్: పొద్దుటి ఎండలో ఈ జత బంగారం. సాయంత్రం పూట మాత్రమే పార్కుకి వెళ్ళగలిగేవాళ్ళు ఇంకో లెన్స్ చూసుకోవడం మంచిది. ఏళ్ళ తరబడి హైదరాబాద్ కొండాపూర్ డాగ్ పార్కులో దీంతోనే తీస్తున్నాను కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను.

జీహెచ్‌ఎంసీ 2018లో తెరిచిన పార్కు అది. సుమారు 1.3 ఎకరాలు ఉంటుంది. చిన్న కుక్కలకీ పెద్ద కుక్కలకీ వేర్వేరు జాగాలున్నాయి, దూకించడానికి అడ్డుకర్రల్లాంటివి ఉన్నాయి. ఆ స్థలానికి ఈ లెన్స్ కొలిచినట్టు సరిపోతుంది. జూమ్ చివరంటా తిప్పి 350 ఎంఎం దగ్గర పెడితే 20 మీటర్ల దూరంలో పక్కకి నిలబడ్డ ల్యాబ్రడార్ ఫ్రేమ్ నిండా వస్తుంది. కానీ అది మన వైపు పరుగు తీసిందంటే రెండు సెకన్లలో మీద పడుతుంది, ఆలోపు జూమ్ తిప్పడం అయ్యే పని కాదు. అందుకే నేను 200 దగ్గర వదిలేస్తాను. కుక్క 12 మీటర్ల దూరానికి వచ్చేసరికి సరిగ్గా అందుతుంది. ఇంకా దగ్గరికొస్తే ముఖం ఒక్కటే వస్తుంది, అదీ బాగానే ఉంటుంది.

ఇక కుక్క వేగం సంగతి. ఇక్కడ లెక్క ఒకటి వేసుకుంటే చాలా విషయాలు తేలిపోతాయి. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తే కుక్క సెకనుకి 11 మీటర్లు పోతుంది. ఈ కెమెరా సెకనుకి తీసేది 11 ఫ్రేములు. అంటే ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య కుక్క మీటరు దూరం దాటేస్తుంది. నాలుగు కాళ్ళూ గాల్లో ఉండే క్షణం ఆ సందులో జారిపోవచ్చు. అందుకని బటన్ నొక్కిపెట్టి కూర్చుంటే సరిపోదు, కుక్క నడక చూడటం నేర్చుకోవాలి. ముధోల్ హౌండ్‌లాంటి సన్నటి వేట కుక్క పూర్తి వేగంలో ఉన్నప్పుడు ఒళ్ళు విల్లులా సాగినప్పుడొకసారి, కాళ్ళన్నీ పొట్ట కిందికి ముడిచినప్పుడొకసారి గాల్లో ఉంటుంది. ఆ లయ కంటికి అలవాటైతే చిన్న బర్స్ట్, అంటే వరసగా నాలుగైదు ఫ్రేములు, చాలు. బీగిల్‌కైతే చెవులు చూడాలి, రెండూ పైకి ఎగిరిన ఫ్రేమే ఫొటో.

తర్వాత షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉంటుందన్నది. పక్కగా పరిగెత్తే కుక్క 1/500 సెకనులో రెండు సెంటీమీటర్లకు పైగా కదులుతుంది, బొచ్చు అలికినట్టు వస్తుంది. 1/2000కి అది అర సెంటీమీటరుకి తగ్గుతుంది. నేను దానికంటే కిందికి దిగను. చప్పుడు లేకుండా ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసే సైలెంట్ షూటింగ్ మాత్రం వాడకండి. ఈ తరం సెన్సర్లలో ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే పరుగెత్తే కాళ్ళు వంకర పోతాయి. షట్టర్ చప్పుడుకి భయపడే కుక్కని పార్కులో నేను చూడలేదు కూడా.

జంతువుల కంటిని పట్టే ఆటోఫోకస్ 2019లో ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో వచ్చింది. కెమెరాకి అది ప్రాణం పోసింది. మనిషా, జంతువా అన్నది మెనూలో మనమే ఎంచుకోవాలి, రెండూ ఒకేసారి పనిచేయవు. ఫొటోలకే గానీ వీడియోకి పనికిరాదు. నల్ల ల్యాబ్రడార్ దగ్గర ఏ కెమెరాకైనా పరీక్షే, ఎందుకంటే కన్ను బొచ్చులో కలిసిపోతుంది. సూర్యుడు మన వీపు వెనక ఉండేలా నిలబడితే ఆ కంట్లో చిన్న మెరుపు పుడుతుంది, ఫోకస్‌కి ఆ చుక్క చాలు. ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుగు) కూడా నల్ల కుక్కకి కాస్త పెంచి, తెల్ల పొమెరేనియన్‌కి కాస్త తగ్గించి పెడతాను.

వెలుతురు సంగతికొద్దాం. 350 దగ్గర ఈ లెన్స్ తెరుచుకునేది ఎఫ్6.3 వరకే (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికొస్తుంది). నిండు ఎండలో 1/2500 పెట్టినా ఐఎస్‌ఓ (వెలుతురుని పెంచి చూపే సెట్టింగ్) 400తో సరిపోతుంది. మబ్బు పట్టిందంటే 3200, పొద్దు వాలే వేళకి 6400. ఆ స్థాయిలో బొచ్చు వివరం పలచబడుతుంది. రా (కుదించని ముడి ఫైల్)లో తీసి లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో డీనాయిజ్ చేస్తే, అంటే మచ్చలు తీసేస్తే, చాలావరకు తేరుకుంటుంది, కానీ ప్రతి ఫొటోకీ ఆ పని చేస్తూ కూర్చునే ఓపిక అందరికీ ఉండదు. వేసవిలో ఎలాగూ కుక్కల్ని పెందలాడే తెస్తారు కాబట్టి ఆ నెలల్లో ఇబ్బంది లేదు. వానాకాలంలోనే చిక్కు.

కెమెరాని కుక్క కళ్ళ ఎత్తుకి దించడం సెట్టింగులన్నిటికంటే ముఖ్యం. నిలబడి తీస్తే ఎంత మంచి ఫోకసైనా వీపు, గడ్డి తప్ప ఏమీ కనిపించవు. ఏ6400 స్క్రీన్ పైకి తిరుగుతుంది, గడ్డిలో మోకాలేసి కిందికి చూస్తూ తీయొచ్చు. కాకపోతే పెద్ద కుక్కల జాగాలో కింద కూర్చునేటప్పుడు యజమానులకి చెప్పి కూర్చోండి. ఒకాయన "తమ్ముడూ, మావాడు ముందు వాసన చూస్తాడు, తర్వాత లెన్స్ నాకుతాడు, ఏమనుకోకు" అన్నారు. అలాగే అయింది. అప్పటినుంచి లెన్స్ ముందు ఫిల్టర్ ఉండాల్సిందే అంటున్నాను, దీని సైజు 67 ఎంఎం.

బాడీ, లెన్స్ కలిపి కిలో పైన కొంచెం. మెడకి భారం అనిపించదు. చేతి వణుకుని సరిదిద్దే స్టెబిలైజేషన్ బాడీలో లేదు, లెన్స్‌లో ఉంది, ఈ షట్టర్ స్పీడ్‌లకి అది పెద్ద లోటు కాదు. రా ఫొటోలు వరసగా సుమారు 46 వరకు వస్తాయి, అంటే నాలుగు సెకన్ల పరుగు. ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50 బ్యాటరీ చిన్నది, ఒకటి అదనంగా జేబులో ఉండాలి.

2023లో వచ్చిన ఏ6700లో స్టెబిలైజేషన్, పెద్ద బ్యాటరీ, ఇంకా తెలివైన గుర్తింపు ఉన్నాయి. అయినా ఉన్న డబ్బుతో ఒక్కటే మార్చగలిగితే నేను బాడీ జోలికి పోను. ఎఫ్2.8 లెన్స్ వైపు చూస్తాను, సాయంత్రాలు కూడా చేతికొస్తాయి.